పెద్దవారి పట్టాల పండుగ

(మా పాస్టరేటులో డిగ్రీ పట్టాలు పొందిన సంఘ సభ్యుల అభినందన కూటములో చేసిన ప్రసంగము. శతవార్షికోత్సవ సంచిక సంపాదక వర్గమువారు కోరగా వ్రాసి ఇచ్చినది.)



శాలువాలు కప్పుట అయినది, దండలు వేయుట అయినది. ఇక మాటలే మిగిలినవి. ఈ సాయంకాలము ముందు బల్లమీద కూర్చున్న అయిదుగురును మన సంఘస్థులే. ఒకరు ఆర్.టి.సి. కండక్టరు, ఒకరు గనిలో ఫిట్టరు, ఒకరు ఆస్పత్రిలో ఆయా, ఒకరు దర్జీ, ఒకరు బడిలో మధ్యాహ్న భోజనము వండు అమ్మగారు. అయిదుగురును సార్వత్రిక విశ్వవిద్యాలయములో చదివి డిగ్రీ పొందినవారు. అందరిలో చిన్నవానికి 34 ఏండ్లు. అందరిలో పెద్దామెకు ఎన్ని ఏండ్లో ఆమెకే సరిగా తెలియదు. ఆ సంగతి తరువాత చెప్పుదుము.

"విద్య యొక్క విలువ" అను అంశముమీద మాట్లాడుమని కమిటీవారు అడిగినారు. ఆ అంశముమీద మేము చాలాసార్లు మాట్లాడియున్నాము, మీరును చాలాసార్లు ఓర్చుకొనియున్నారు. గనుక ఈ పూట దానిని విడిచిపెట్టి, ఈ అయిదుగురిలో ఒకరి పట్టా పండుగకు మేము వెళ్లిన దినమును గూర్చియు, అంతకు ముందు మేము చేసిన ఒక పొరపాటును గూర్చియు చెప్పుదుము. ఆ అమ్మగారి అనుమతి తీసికొనే చెప్పుచున్నాము. పేరు చెప్పవద్దన్నది. చెప్పకపోయినను మీకు తెలుసును.

ఏడేండ్ల క్రిందట మేము ఈ పాస్టరేటుకు బదిలీ అయి వచ్చిన క్రొత్తలో, ఆరాధనకు ఎవరు వచ్చినారు, ఎవరు రాలేదు అని పుల్పిటు మీదనుండి లెక్క చూచుకొను అలవాటు మాకు గట్టిగా ఉండెడిది. క్రొత్త కాపరికి మంద లెక్కమీద ఆశ ఎక్కువ. స్త్రీల వైపు మూడవ వరుసలో, చాప చివర, ఎప్పుడును ఒకే చోట కూర్చుండు అమ్మగారు వరుసగా ఏడు ఆదివారములు కనబడలేదు. జబ్బు చేసిందా అని అడిగితే కాదన్నారు. ఊరికి పోయిందా అంటే లేదన్నారు. అడిగినవారందరు కొంచెము నవ్వి తల వంచుకొన్నారు. దానితో మాకు కోపము వచ్చినది. ఎనిమిదవ ఆదివారము ప్రసంగములో, లోక వ్యవహారములకొరకు ఆరాధన మానుకొనువారిని గూర్చి పేరు పెట్టకుండ చాలా కఠినముగా మాట్లాడినాము. పేరు పెట్టకపోతే ఎవరికిని తెలియదని కాపరులు అనుకొందురు. సంఘమంతటికి తెలిసినది.

ఆరాధన ముగిసి చెప్పులు వేసికొనుచుండగా ఆమె మనుమడు, సండే స్కూలు పిల్లవాడు, మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మా అమ్మమ్మ కాలేజీకి పోయింది" అన్నాడు. చుట్టు ఉన్నవారు నవ్వినారు. మేమును నవ్వినాము. పిల్లవాడు నవ్వలేదు.

తరువాతి ఆదివారము ఆరాధన ముగియగానే మోటారు సైకిలుమీద ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు వెళ్లినాము. ఆదివారము గనుక అంతయు తాళము వేసియుండునని అనుకొన్నాము. రెండు గదులు తెరచియున్నవి. తొంగి చూచినాము. సుమారు ముప్పదిమంది కూర్చున్నారు. పోలీసు నిక్కరులవలె ఇస్త్రీ చేసిన ప్యాంటు తొడిగిన ఒక కానిస్టేబులు, ఖాకీ చొక్కాతో మన కండక్టరు గారు, టిఫిను గిన్నెలు బల్లక్రింద పెట్టుకొన్న స్త్రీలు, జుట్టు పూర్తిగా నెరసిన ఒక పెద్దమనిషి. మన అమ్మగారు మూడవ వరుసలోనే ఉన్నది; గుడిలోనైనను కాలేజీలోనైనను ఆమెకు మూడవ వరుసయే. మమ్మును చూచి కొంగు ముఖమునకు అడ్డము పెట్టుకొన్నది. పాఠము చెప్పు లెక్చరరు గారు మేమును ఒక విద్యార్థి అనుకొని, "ఆలస్యమైనా ఫరవాలేదు, లోపలికి వచ్చి కూర్చోండి, సంతకం పెట్టండి" అన్నారు. మేము వెళ్లి వెనుక బల్లమీద కూర్చున్నాము. సంతకము మాత్రము పెట్టలేదు.

పాఠము అయిన తరువాత ఆమె బయటికి వచ్చి, "అయ్యగారూ, తిట్టడానికి ఇక్కడిదాకా వచ్చారా?" అని అడిగినది. మాకు జవాబు తోచలేదు.

తరగతులు ఆదివారమే ఎందుకు పెట్టినారు? ఈ సంగతి మేము తరువాత తెలిసికొన్నాము. మన దేశములో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982 ఆగస్టు 26న, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమను పేరుతో పుట్టినది. అప్పుడు ముఖ్యమంత్రి భవనం వెంకట్రామ్ గారు. మొదటి వైస్ ఛాన్సలరు జి. రాంరెడ్డి గారు, అంతకు ముందు ఉస్మానియాలో ఆ పదవి చేసినవారు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ పేరున జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము పెట్టినప్పుడు దానికిని ఆయననే మొదటి వైస్ ఛాన్సలరుగా పిలుచుకొన్నారు. 1991లో మన విశ్వవిద్యాలయమునకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారి పేరు పెట్టినారు. కూలికి, నౌకరికి పోవువారు చదువుకొనవలెనంటే వారికి తీరికయుండు దినము ఆదివారము. ఊరూర క్రొత్త భవనములు కట్టుటకు డబ్బు ఎక్కడ? ఆదివారము ప్రభుత్వ కళాశాలల గదులు ఖాళీగా ఉండును. పుస్తకములు తెలుగులో అచ్చువేసి ఇంటికి ఇత్తురు, వారమంతయు ఇంటివద్ద చదువుకొని, ఆదివారము ఆ ఖాళీ గదులలో కూర్చుండి సందేహములు తీర్చుకొనవలెను. ఆ పుస్తకములు ఎంత బాగుండునో సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదువు మన పిల్లలను అడగండి, చెప్పుదురు. ఏర్పాటు బాగున్నది. ఒకటే చిక్కు. మన గుడి గంట కొట్టు వేళకే అక్కడను గంట కొట్టుదురు.

ఈ పద్ధతికి మాతృక బ్రిటను దేశములోని ఓపెన్ యూనివర్సిటీ. మనము గనుల ప్రాంతమువారము గనుక దాని సంగతి ఒకటి మీకు చెప్పవలెను. దానిని పట్టుబట్టి నిలబెట్టిన మంత్రి జెన్నీ లీ అను ఆమె స్కాట్లాండులో బొగ్గుగని కార్మికుని కుమార్తె. పెద్దల చదువనగా రెండవ రకము చదువు అని అనేకులు తేలికగా మాట్లాడినను, పరీక్షలలోను పట్టాలోను ఏమియు తగ్గించుటకు ఆమె ఒప్పుకొనలేదట. 1969లో దానికి రాజశాసనము వచ్చినది, 1971 జనవరిలో ఇరువది వేలమందికి పైగా విద్యార్థులతో చదువు మొదలైనది, 1973లో లండనులోని అలెగ్జాండ్రా ప్యాలెసులో మొదటి పట్టప్రదాన సభ జరిగినది. ఆ యేడే లార్డ్ గార్డినరు అను పెద్దాయన దానికి ఛాన్సలరు అయినారు. అంతకు ముందు ఆ దేశమునకు లార్డ్ ఛాన్సలరుగా పనిచేసి న్యాయవ్యవస్థకు పెద్దగానుండినవారు. ఆయన ఊరక కుర్చీలో కూర్చుండి ఇతరులకు పట్టాలిచ్చుటతో సరిపెట్టుకొనక, తానును విద్యార్థిగా చేరి, డెబ్బదియేండ్లు దాటిన తరువాత సాంఘిక శాస్త్రములలో డిగ్రీ తెచ్చుకొన్నారు. ఇది మాకు బాగా నచ్చినది. సెమినరీ పట్టా గోడకు తగిలించిన తరువాత ఒక్క పరీక్షయు వ్రాయని మావంటివారికి కొంచెము గుచ్చుకొన్నది కూడ.

ఇక మన అమ్మగారి సంగతి. ఆమె ఏడవ తరగతితో బడి మానినది. ఎందుకు చదువుచున్నావమ్మా అని అడిగినాము. చాలాసేపు చెప్పలేదు. తరువాత చెప్పినది. భర్త చనిపోయిన నెలలో ఆయన తరపువారు కాగితములు తెచ్చినారు. "చదవడం రాక కాదు అయ్యగారూ, అక్షరాలన్నీ చదివాను. అందులో ఏముందో అర్థం కాలేదు. అడిగితే చదువుకున్నదానివే కదా అన్నారు. సిగ్గేసి సంతకం పెట్టాను." ఆ సంతకముతో ఇరువది గుంటల చెలక పోయినది. కోర్టుకు పోవు స్తోమత లేదు. "ఇంకోసారి ఏ కాగితం ముందూ సిగ్గుపడకూడదనుకున్నాను" అన్నది.

ఇంటరు లేనివారు అర్హత పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరు వెసులుబాటు అప్పుడు ఉండెను. అట్లు చేరినది. ఇంటరు చదువక తెచ్చుకొన్న డిగ్రీ కొన్ని ఉద్యోగములకు చెల్లదని దగ్గరివారు చెప్పినారు. ఉద్యోగమునకు కాదుగదా అని ఆమె వారికి చెప్పినది. మూడేండ్ల చదువు అయిదేండ్లు పట్టినది. ఇంగ్లీషు రెండుసార్లు పోయినది. బడిలో పప్పు ఉడుకుచుండగా ఏడవ తరగతి ఆడపిల్ల వంటగది గుమ్మములో కూర్చుండి ఆమెకు క్రియాపదములు చెప్పించెడిది. అందుకు ప్రతిగా ఆ పిల్లకు గుడ్డు దినమున పెద్ద గుడ్డు దొరికెడిదట. 2020లో కరోనా వచ్చి బడులు మూతబడినప్పుడు వంట పని లేదు, చేతిలో పైసా లేదు. ఆ నెలలలోనే చరిత్ర పుస్తకములు రెండుసార్లు తిరగవేసినదట. ఆకలి మరచుటకు మంచి మార్గమని నవ్వుచు చెప్పినది. మేము నవ్వలేకపోయినాము.

కాలేజీకి వెళ్లి వచ్చిన ఆదివారము తరువాత పాస్టరేటు కమిటీలో మేము ఒక మాట పెట్టినాము: ఉదయము 5:30కు ఇంకొక ఆరాధన పెట్టుదమని. పెద్ద గొడవ జరిగినది. ఒక్కరికొరకు ఆరాధన వేళ మార్చుటయా అన్నారు. ఒక పెద్దాయన, "మా నాయన కాలంనుంచి పదింటికే" అన్నారు. మా మాట నిజమే, వారి మాటయు నిజమే. మూడు కూటములు కూర్చున్న తరువాత ఆరు నెలలు చూతమని ఒప్పుకొన్నారు. మొదటి ఆదివారము పదకొండుమంది వచ్చినారు, అందులో మా ఇంటివారే నలుగురు. నాలుగవ ఆదివారము మేము ఎదురుచూడనిది జరిగినది. ప్లే డే డ్యూటీకి పోవు గని కార్మికులు బూట్లతో, టిఫిను డబ్బాలతో వచ్చి వెనుక నిలబడినారు. ఏడు గంటల షిఫ్టుకు పోవలసినవారు. ఏండ్ల తరబడి వారు ఆదివారములు రాలేకపోయిన సంగతి మా లెక్కలో లేనేలేదు. ఆయా అమ్మగారును అప్పుడే వచ్చినది. ఈ అయిదుగురిలో ముగ్గురు ఆ ఆరాధనకు వచ్చుచు ఒకరినిచూచి ఒకరు చదువులో చేరినవారే.

ఇప్పుడు ఆ దినమునకు వచ్చెదము. పట్టప్రదాన సభ హైదరాబాదులో, జూబిలీ హిల్సులోని విశ్వవిద్యాలయ ఆవరణములో. రాత్రి రెండు గంటలకు తుఫాను బండి కిరాయికి మాట్లాడుకొని పదకొండుమందిమి బయలుదేరినాము. ఆమె తల్లి, కూతురు, అల్లుడు, మనుమడు, స్త్రీల మైత్రి కార్యదర్శి గారు, క్రియాపదములు చెప్పిన పిల్ల, తక్కినవారు. పండుగ ఎవరిదో ఆమెయే అర్ధరాత్రి లేచి పదకొండుమందికి పులిహోర చేసినది. వద్దని ఎవరును చెప్పలేదు, మేమును చెప్పలేదు. ఇప్పుడు తలచుకొంటే చెప్పవలసినది.

సభాభవనమునకు భవనం వెంకట్రామ్ గారి పేరే పెట్టియున్నారు. పాసు ఉన్నవారినే లోపలికి పంపినారు. ఆమె ఒక్కతె లోపలికి పోయినది. మేము తక్కినవారితో చెట్లక్రింద కూర్చుండి మైకులో విన్నాము. మొదట ఇది మాకు చిన్నతనముగా తోచినది. బొత్తిగా సిగ్గు విడిచి చెప్పవలెనంటే, కాలరు పెట్టుకొని వెళ్లినది లోపలికి పంపుదురను ఆశతోనే. తరువాత చుట్టు చూచినాము. మేము మా పట్టా తీసికొన్ననాడు మా తల్లిదండ్రులు చూడవచ్చినారు. అన్ని చోట్ల అట్లే జరుగును. ఇక్కడ తారుమారు. బిడ్డలు తల్లిదండ్రుల పట్టా చూడవచ్చినారు. చంటిబిడ్డ నెత్తుకొని ఒక యౌవనస్థుడు అటు ఇటు తిరుగుచున్నాడు, భార్య లోపలనున్నది. ఒక ముసలమ్మ కోడలి చెప్పులు ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. కోడలు సభకొరకు క్రొత్త చెప్పులు వేసికొన్నదట. మా ప్రక్కన కూర్చున్న లారీ డ్రైవరు తన తమ్ముడు కాదు, తన తండ్రి లోపలనున్నాడని చెప్పినాడు. జైలులో శిక్ష అనుభవించుచు చదివినవారు కూడ ఈ విశ్వవిద్యాలయ సభలలో బంగారు పతకములు తీసికొనియున్నారని ఆయనే మాకు చెప్పినాడు. మేము తరువాత విచారించినాము, నిజమే.

వేదికమీదికి పిలువబడువారు పతకములవారు, పరిశోధన చేసినవారు మాత్రమే. తక్కిన వేలమందికి ఒక్కసారిగా పట్టా ఇచ్చినట్టు ప్రకటింతురు. ఆ ప్రకటన మైకులో వినబడినప్పుడు చెట్లక్రింద ఉన్నవారందరు లేచి నిలబడినారు. ఎవరును చెప్పలేదు. ఆమె తల్లి మాత్రము లేవలేకపోయినది, మనుమడు చేయి పట్టుకొని లేపినాడు.

పట్టా కాగితము కౌంటరు దగ్గర తీసికొనవలెను. పెద్ద వరుస. అక్కడ గుమాస్తా గారు ఒక పేరు పిలిచినారు. ఎవరును కదలలేదు. మరల పిలిచినారు. వెనుకనున్నవారు విసుగుకొన్నారు. మూడవసారి ఇంటి పేరుతో పిలువగా ఆమె ఉలిక్కిపడి, "నేనే, నేనే" అన్నది. మీ అందరికి తెలిసిన సంగతియే. మనలో అనేకులకు బాప్తిస్మపు పేరు ఒకటి, బడిలో చేర్చుకొన్ననాడు మాస్టారు తోచినట్టు వ్రాసికొన్న పేరు ఇంకొకటి. ఆ పేరుతో ఆమెను నలువది ఏండ్లుగా ఎవరును పిలువలేదు. పుట్టిన తేది కూడ మాస్టారు ఇచ్చినదే. ఆయన ఆ యేడు చేర్చుకొన్న పిల్లలందరు ఒకే దినమున పుట్టినారు.

చెట్టుక్రిందికి వచ్చిన తరువాత కూతురు పట్టాకొరకు చేయి చాపినది. ఆమె ఇయ్యలేదు. కండ్లజోడు పెట్టుకొని, పైనుండి క్రిందివరకు ఒక్కొక్క మాట, తెలుగు వ్రాతయు ఇంగ్లీషు వ్రాతయు, మెల్లగా పైకి చదివినది. నెంబరు చదివినది. తేది చదివినది. క్రింద సంతకము దగ్గర వ్రేలు పెట్టి, "అయ్యగారూ, ఈయన ఇదంతా చదివే సంతకం పెట్టి ఉంటాడా?" అని అడిగినది. అన్ని వేల పట్టాలు చదువుట కష్టమని చెప్పినాము. "నేనైతే చదువుతాను" అన్నది. అప్పుడు కూతురికి ఇచ్చినది.

ఊరికి వచ్చిన తరువాత స్టూడియోలో అద్దె గౌను, నల్ల టోపీ వేసికొని ఫోటో తీయించుకొన్నది. గౌను వేసికొనుటకు సిగ్గుపడితే, ఆ గౌను పూర్వము యూరపులో చదువుకొన్న గురువుల అంగీయేననియు, మాది వేసికొన్నట్టే అనుకొమ్మనియు చెప్పినాము. ఆ ఫోటో ఇప్పుడు బడి వంటగదిలో, పొయ్యికి దూరముగా తగిలించియున్నది.

ఆమె ఇంకను వంటయే చేయుచున్నది. చెలక తిరిగి రాలేదు, రాదు కూడ. అయితే డ్వాక్రా సంఘమువారు బ్యాంకులో అప్పు కాగితములమీద సంతకము పెట్టుటకు ముందు ఆమె కూర్చుండి చదివి అందరికి చెప్పుచున్నది. దీనివలన ఒక పూట పట్టు పని రెండు పూటలు పట్టుచున్నదని బ్యాంకువారు మా దగ్గర చెప్పుకొన్నారు. మేము ఓదార్చినాము.

ఇంకొక సంగతి చెప్పి కూర్చుందుము. ఈ బల్లమీద అయిదుగురు ఉన్నారు. ఆరవవాడు ఒకడున్నాడు. వారితోబాటు చేరి, రెండేండ్లు చదివి, ఇంగ్లీషు పోయి మానివేసినాడు. వెల్డింగు పనివాడు. ఈ సాయంకాలము రానన్నాడు. వచ్చి వెనుక తలుపు దగ్గర నిలబడియున్నాడు, మేము ఇక్కడనుండి చూచుచున్నాము. ఈసారి మందలించుటకు కాదు. తన పుస్తకములు మా వెస్ట్రీలో దాచుమని ఇచ్చిపోయినాడు. నిన్న వచ్చి అడిగినాడు. తీసి చూడగా అన్నియు ఉన్నవి గాని ఇంగ్లీషు పుస్తకము లేదు. చదువుకొనుటకు ఎవరో తీసికొనిపోయినారు. వారెవరైనను దయచేసి వచ్చే ఆదివారము ఉదయము 5:30 ఆరాధనకు తెచ్చి మాకు ఇయ్యగలరు. పరీక్ష ఫీజు కట్టు గడువు దగ్గరపడినది.